మిట్టమధ్యాహ్నం గుడ్‌నైట్ చెప్పే డింఫ్నా

మా వైపు, గుర్రాల మీద కుక్కల వెంట సాగే నక్కల వేటలో ఒక మర్యాద ఉంది. చివరిదాకా ఉండకుండా మధ్యలో ఇంటిదారి పట్టేవాళ్ళు వేట నడిపించే మాస్టర్ దగ్గరికి వెళ్ళి, టోపీ అంచు తాకి, "గుడ్‌నైట్ మాస్టర్" అని చెప్పి మరీ వెళ్ళాలి. సూర్యుడు నడినెత్తిన ఉన్నా గుడ్‌నైటే. ఎందుకలా అంటే ఎవరూ చెప్పలేరు. మా తాత అలాగే అన్నాడు, మా నాన్న అలాగే అన్నాడు, నేనూ అలాగే అంటున్నాను.

నేనైతే అందరికంటే ఎక్కువసార్లే అన్నాను. దానికి కారణం డింఫ్నా హెషన్. ఆమె పొలానికీ మా పొలానికీ మధ్య ఒక్క రాతిగోడే అడ్డం. చిన్నప్పుడు ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నాం. నా లెక్కలు ఆమె చూసి రాసేది, అందుకే ఇద్దరికీ లెక్కలు రాలేదు. బతుకుతెరువుకి బళ్ళో పిల్లలకి వంట చేసేది కానీ, ఆమె అసలు పని వేరు. పిల్లగుర్రాలకి వేట నేర్పేది.

మనిషి అయిదడుగులు ఉండదు. వానలో నిలువునా తడిసినా నలభై అయిదు కిలోలు దాటదు. మాలాంటి మోటుమనుషులు ఎక్కితే నడుం వంగిపోయే పొట్టిగుర్రాల మీద ఆమె దర్జాగా కూర్చునేది. వాళ్ళ నాన్న కమ్మరి. గుర్రాలకి నాడాలు కొట్టేవాడు. తొమ్మిదేళ్ళప్పుడు ఎవరో నాడాలు కొట్టించడానికి తెచ్చిన గుర్రాన్ని నాన్న చూడకుండా ఎక్కి, చర్చి గోడ దూకించింది. అవతల ఎవరిదో పెళ్ళి జరుగుతోంది. ఆ రోజు తిన్న దెబ్బలు తలుచుకుని ఇప్పటికీ నవ్వుతుంది.

పిల్లగుర్రానికి ఒక్కదానికే వేట నేర్పలేం. పక్కన దేనికీ బెదరని ఒక ముసలి గుర్రం నడవాలి. ఆ ముసలి గుర్రం ఎప్పుడూ నాదే. ఇప్పటిదాని పేరు బిషప్. దాని గాంభీర్యమూ పొట్టా చూసి మా అమ్మ పెట్టిన పేరు అది. ఒక కన్ను సరిగ్గా కనబడదు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదన్న సామెత బిషప్‌ని చూసే పుట్టి ఉండాలి. డింఫ్నా తన పిల్లగుర్రాన్ని తీసుకుని ముందు నడిస్తే, మేమిద్దరం ఆమె వెనక.

ఆమె పద్ధతి ఎప్పుడూ ఒక్కటే. మొదట వేసవిలో, వేటకుక్కల్ని కాళ్ళు గట్టిపడడానికి రోడ్ల మీద నడిపిస్తారే, అప్పుడు వాటి వెనకాల నడిపించేది. సెప్టెంబరులో తెల్లవారుజామున పొదల పక్కన ఊరికే నిలబెట్టేది. గుర్రానికి పరుగు నేర్పక్కర్లేదు, నిలబడడం నేర్పాలి అనేది. అక్టోబరులో రెండు చిన్న గోడలు, బిషప్ వెనకాల. నవంబరులో అసలు వేట మొదలయ్యాక ఒక గంట. సరిగ్గా గంటే. రక్తం వేడెక్కి, గుర్రం చెవులు నిక్కబొడిచి, నక్క వాసన తగిలి కుక్కలు ఏకగొంతుతో అరుస్తున్న వేళ, నా ఒళ్ళంతా పులకరిస్తున్న వేళ, ఆమె గడియారం చూసుకుని మాస్టర్ దగ్గరికి వెళ్ళి గుడ్‌నైట్ చెప్పేసేది.

"ఇంకొక్క పొలం, డింఫ్నా. ఒక్కటంటే ఒక్కటి," అని బతిమాలేవాణ్ణి.

"ఇంకా కావాలని ఏడుస్తున్నప్పుడే ఇంటికి తీసుకుపోవాలి."

"ఎవరు ఏడుస్తున్నప్పుడు? గుర్రమా, నేనా?"

"ఇద్దరూను. పద."

అలా ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళలో నేను ఒక్క వేట ఆఖరు చూసినవాణ్ణి కాదు. సాయంత్రం మద్యంకొట్లో అందరూ ఆ పరుగు గురించీ ఆ గోడ గురించీ గొంతులు చించుకుంటుంటే, మేమిద్దరం గుడ్డిగుర్రానికి పళ్ళు తోమినవాళ్ళలా ఓ మూల కూర్చునేవాళ్ళం. "డింఫ్నా, నక్క తోకన్నా ఎప్పుడైనా చూశావా తల్లీ?" అని ఎవడో ఒకడు అంటించేవాడు. "నీ కూతురు ఎక్కి తిరిగే గుర్రాన్ని ఆ తోక చూడకుండానే తయారు చేశాను. ఏం, కిందపడేసిందా ఎప్పుడైనా?" అనేది. వాడు గ్లాసులో మొహం పెట్టేసేవాడు.

అలా ఇరవై మూడు గుర్రాలు. ఇరవై మూడూ ఎవరి పిల్లల కోసమో తయారై వెళ్ళిపోయాయి. ఒక్కొక్కటి వెళ్ళిన రోజున ఇంట్లోంచి బయటకి వచ్చేది కాదు. పళ్ళు ఊడే గట్టి రొట్టెలు కాలుస్తూ కూర్చునేది. వాళ్ళాయన టామ్ పాలకేంద్రం లారీ నడిపేవాడు. మాట తక్కువ మనిషి. ఉన్నన్నాళ్ళూ ఆ రొట్టెలు ఆయన తిన్నాడు. ఆయన పోయాక నా గుమ్మంలో పెట్టి పోయేది, నేను తిన్నాను.

ఇరవై నాలుగోది బార్లీ. ఊబినేలల్లో వదిలేసిన మందలోంచి తెచ్చిన అయిదేళ్ళ ఆడగుర్రం, పండిన చేను రంగు. తెచ్చిన రోజునే డింఫ్నా గోడ మీంచి నన్ను పేరుపెట్టి పిలిచి మరీ చెప్పింది. "ఇది ఎవరికీ ఇవ్వను, మాలకీ. నాకు యాభై ఎనిమిది. ఇది నాది." ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో తొమ్మిదేళ్ళ పిల్ల కనబడింది. నాకు చాలా సంతోషం వేసింది.

ఆ సంతోషాన్ని ఆగస్టులో నా చేతులతో నేనే తగలేశాను.

ఆ రోజు కుక్కల్ని రోడ్డు మీద నడిపిస్తున్నారు. ముప్ఫై మూడు కుక్కలు, ముందు మాస్టర్ కోల్మన్ టానియన్, వెనక పదిమంది రౌతులం. కోల్మన్ వయసులో మాకంటే చిన్నవాడు, గొంతులో మా అందరికంటే పెద్దవాడు. కుక్కలు ఒక గేటు దగ్గర వెనక్కి తిరిగి మా మధ్యలోంచి రావడం మొదలుపెట్టాయి. అలాంటప్పుడు గుర్రం తల కుక్కల వైపుకి తిప్పాలి, పిరుదులు వాటికి దూరంగా ఉంచాలి. అది మాకు ఉగ్గుపాలతో పెట్టిన చదువు. డింఫ్నా తిప్పింది. నేను మాత్రం వెనక్కి తిరిగి, గడ్డి ఎండిందా లేదా అని ఎవరితోనో బాతాఖానీ వేస్తున్నాను. వదిలేసిన పగ్గంతో బిషప్ రోడ్డు పక్క ముళ్ళపొదల్లోని పళ్ళ కోసం మెడ చాచి, ఆ పెద్ద పొట్టతో బార్లీని పక్కనుంచి ఢీకొట్టాడు. అదే క్షణంలో ఒక కుక్క దాని కాళ్ళ మధ్యకి దూరింది. బార్లీ బెదిరి తన్నింది.

కుక్క అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది. పక్కటెముక విరిగింది. బతికిందిలెండి, ఆ చలికాలమే పరుగెత్తింది కూడా. కానీ వేటలో మాస్టర్ కుక్కని తన్నిన గుర్రానికి క్షమాపణ లేదు. గోడలు కూల్చు, రౌతుని బురదలో పడేయి, ఎవరూ ఏమీ అనరు. కుక్కని మాత్రం తన్నకూడదు.

"ఎవరిదా గుర్రం?" అన్నాడు కోల్మన్.

నేను నోరు తెరవాలి. తెరవలేదు. తేలుకుట్టిన దొంగలా జీను మీద బిగుసుకుపోయాను. డింఫ్నా ముందుకి వచ్చింది.

"నాది మాస్టర్. తప్పు మాదే."

"తన్నే గుర్రమని అందరికీ తెలిసేలా తోకకి ఎర్ర రిబ్బన్ కట్టండి. అందరికంటే వెనక ఉండండి. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఈ గుర్రం నా కుక్కలున్న చోటికి రాకూడదు. మీరంటే నాకు గౌరవం డింఫ్నా, కానీ రాకూడదు."

తప్పు నాదని ఇంటికొచ్చే దారిలోనే ఆమెకి చెప్పాల్సింది. మర్నాడు చెబుదాం అనుకున్నాను. మర్నాడు వర్షం. ఆ మర్నాడు సంత. సిగ్గుపడ్డ మనిషికి రోజుకో వంక దొరుకుతుంది.

డింఫ్నా మాత్రం ఒక్కరోజు కూడా ఊరుకోలేదు. మా వేటకుక్కల పిల్లల్ని ఏటా రైతుల ఇళ్ళకి పంచుతారు. లోకం తెలిసేదాకా, కోడిని చూస్తే కరవకూడదని అర్థమయ్యేదాకా ఇళ్ళల్లో పెరిగి తిరిగి వెళ్తాయి. ఆమె కూడా వెళ్ళి రెండు పిల్లల్ని తెచ్చుకుంది. ఒకే ఈతలో పుట్టినవాటికి ఒకే అక్షరంతో పేర్లు పెట్టడం ఆనవాయితీ, ఇవి గాసిప్, గార్నెట్. అయితే అందరిలా వాటిని పెరట్లో కట్టలేదు. తీసుకెళ్ళి బార్లీ ఉండే సాలలో, బార్లీ గడ్డి మీద వదిలేసింది.

"నీకు మతిపోయిందా? తొక్కి చంపేస్తుంది!" అన్నాను.

"చంపదు. కుక్కంటే ఏంటో దానికి తెలీదు, అందుకే భయం. తెలిస్తే పోతుంది."

మొదటి వారం ఆమె ఆ సాల గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కాపలా కాసింది. రెండో వారానికి పిల్లలు బార్లీ తోక పట్టుకుని ఊగుతున్నాయి. ఆ రెండు రాక్షసులూ మాంసం ఎత్తుకుపోయాయి, నా కొత్త బూటొకటి నమిలేశాయి, ఫాదర్ గారు చూడవస్తే ఆయన టోపీ పట్టుకుని ఊరంతా తిప్పాయి. సాలలోకి వెళ్ళగానే పిల్లుల్లా బార్లీ కాళ్ళ మధ్య ముడుచుకు పడుకునేవి. ఒకరోజు నేను లాంతరు పట్టుకుని తొంగిచూశాను. బార్లీ వెనక కాలొకటి గాల్లో పెట్టుకుని నిలబడి ఉంది. కింద గడ్డిలో గార్నెట్ గుర్రుపెడుతోంది. కాలు ఎక్కడ దింపాలో తెలియక, డెక్కతో గడ్డిని మెల్లగా తడిమి, ఖాళీ చోటు చూసుకుని అప్పుడు దింపింది. నా కళ్ళు చెమర్చాయి. తాగి ఉన్నానేమోలే అని సర్దిచెప్పుకున్నాను.

నవంబరులో వేట మొదలైంది. కూడలి దగ్గర నలభైమంది రౌతులు, వాళ్ళని చూడడానికి ఊరు ఊరంతా. బార్లీ తోకకి ఎర్ర రిబ్బను. జనం దారి వదిలి పక్కకి తప్పుకుంటుంటే డింఫ్నా తల నిటారుగా పెట్టుకుని కూర్చుంది. కుక్కలు వచ్చాయి. నేను బిషప్ పగ్గాలు రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. బార్లీ మెడ వంచింది, ముందు వచ్చిన కుక్క ముక్కుకి ముక్కు ఆనించింది, గొంతులో సన్నగా సకిలించింది. పిల్లల్ని పిలిచే తల్లిగుర్రం చేసే చప్పుడు అది. జనం గొల్లున నవ్వారు. కోల్మన్ కూడా మీసాల్లో నవ్వాడు. నాకు గంతులెయ్యాలనిపించింది.

మొదటిసారి గంట, గుడ్‌నైట్. రెండోసారి గంట, గుడ్‌నైట్. రోగం కుదిరిందని ఇద్దరం అనుకున్నాం. ఇంకో రోగం పట్టుకుందని మూడోసారిదాకా తెలియలేదు.

మూడోసారి, నవంబరు ఆఖరు శనివారం. కొండ మీది ముళ్ళపొదల్లోకి కుక్కల్ని వదిలారు. గడ్డి మీద మంచు కరిగి పొగలు లేస్తోంది. మేమిద్దరం అందరికీ వెనక, గోడ పక్కన నిలబడి హామ్ పెట్టిన రొట్టె నములుతున్నాం. డింఫ్నా గడియారం చూసింది. పన్నెండవడానికి పది నిమిషాలు. "ఇంక బయల్దేరుదాం," అంది. సరిగ్గా అప్పుడే పొద అవతల ఒక కుక్క గొంతెత్తింది. తర్వాత నాలుగు. తర్వాత ముప్ఫై మూడూ ఒక్కటే గొంతు. ఎర్రటి మగనక్క గోడ మీద ఒక్క క్షణం ఆగి మమ్మల్ని చూసి అవతలికి దూకింది. కోల్మన్ కొమ్ము ఊదాడు.

బార్లీ వణికింది. భయంతో కాదు. ముప్ఫై మూడు పిల్లలు ఒక్కసారి ఏడిస్తే ఏ తల్లి ఆగుతుంది? తననే ఇవి పిలుస్తున్నాయనుకుంది పిచ్చి ముండ. కదిలిందంటే ఇక ఆగలేదు.

"ఆపు డింఫ్నా!"

"ఆగట్లేదు!"

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని ఎవరే నాకు చెప్పింది?"

"ఇది నాలుగు కాళ్ళ మీదే పోతోంది కదరా!" అన్న కేక మొదటి గోడ అవతల నుంచి వినబడింది.

నేను బిషప్‌ని అదిలించాను. ఆ ముసలి వెధవలో అంత పరుగు ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. గోడ, పొలం, గోడ, పొలం. చలిగాలి పళ్ళల్లోకి కొడుతోంది. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. ముందు బార్లీ పండుచేను రంగు పిరుదులూ, ఎర్ర రిబ్బనూ. నలభైమంది రౌతుల్ని ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోతోంది. "ఎర్ర రిబ్బను! తప్పుకోండర్రా!" అని అరుస్తూ జనం దారి ఇచ్చారు, అది దానికి ఇంకా సుఖమైంది. ఇక ముందు ఒక్కడే మిగిలాడు, మాస్టర్.

మాస్టర్ని ఎవరూ దాటకూడదు. దాటితే కుక్కల దృష్టి చెదురుతుంది, వేట పాడవుతుంది. దాటినవాళ్ళని అక్కడికక్కడే ఇంటికి పంపేస్తారు. డింఫ్నా రెండు చేతులతో పగ్గాలు లాగుతూ, వెనక్కి వాలి, దాదాపు గుర్రం తోక మీద పడుకుని, కోల్మన్ పక్కనుంచి దూసుకుపోయింది.

"క్షమించండి మాస్టర్!" అంది పోతూ పోతూ.

"డింఫ్నా! దేవుడా! డింఫ్నా!" అన్నాడు కోల్మన్. తర్వాత అన్న మాటలు రాయలేను. ఆ కోపంలో ముందు చూసుకోలేదు. గోడ అవతల కాలవ ఉంది. గుర్రం జారి మోకాళ్ళ మీద పడింది, మాస్టర్ బురదలో పడ్డాడు. నేను ఆగాను. ఆయన లేచాడు, కొమ్ము చేతిలోనే ఉంది, గుర్రం మాత్రం ముందుకాలు ఎత్తి కుంటుతోంది. మిగతావాళ్ళంతా ఎత్తు గోడ ఒకటి తప్పించుకోవడానికి చుట్టుతిరిగి ఎక్కడో వెనకున్నారు.

అప్పుడు వినబడింది రైలు కూత. పన్నెండుంబావు బండి.

కోల్మన్ మొహం తెల్లబారిపోయింది. రైలుపట్టాలు రెండు పొలాల అవతలే. పట్టాలకి అటూ ఇటూ కుక్క కూడా ఎక్కలేనంత ఎత్తు గోడలు. ఒక్కచోటే గడ్డిబండి పట్టేంత సందు, దానికో గేటు. గొర్రెలు దూరకుండా అడుగున వల కొట్టిన గేటు అది. గొళ్ళెం విరిగి ఏడాదైంది. వదిలేస్తే పొలంవైపుకి దానంతటదే తెరుచుకుని ఉంటుంది. నక్క ఆ సందులోంచే పోయి ఉంటుంది. కుక్కలు గొర్రెల పెంటలో వాసన తప్పి ఒక్క నిమిషం తచ్చాడుతున్నాయి. మళ్ళీ దొరికిందా, సూటిగా పట్టాల మీదికే.

కోల్మన్ కొమ్ము ఊదబోయాడు. కొమ్ములో నిండా బురద. చప్పుడు రాలేదు. పరుగందుకున్నాడు. నేను బిషప్‌ని గేటున్న పొలం గోడదాకా తోలి, అక్కడే కొయ్యబారిపోయి చూస్తున్నాను.

డింఫ్నాకి కూడా కూత వినబడింది. ఇంతసేపూ ఆపడానికి లాగుతున్న పగ్గాల్ని ఒక్కసారిగా వదిలేసింది. ఆ పిల్లగుర్రం పొలానికి అడ్డంగా దూసుకుపోయింది. గేటు దగ్గర ఆపింది, ఎలా ఆపిందో నాకు తెలియదు. జీను మీంచి వంగి గేటుని లాక్కొచ్చి మూసింది. వదిలితే మళ్ళీ తెరుచుకుంటుంది. అందుకని బార్లీని గేటుకి అడ్డంగా, ఆనించి నిలబెట్టింది. గుర్రమే గొళ్ళెం అన్నమాట.

కుక్కలకి వాసన దొరికింది. ముప్ఫై మూడూ అరుచుకుంటూ వచ్చి గేటు మీద పడ్డాయి. బార్లీ పొట్ట కింద, ముందుకాళ్ళ మధ్య, వెనకకాళ్ళ మధ్య, ఒకదాని మీద ఒకటి. ఒకటి దాని తొడ మీద కాళ్ళు పెట్టి పైకి ఎక్కబోయింది. ఒకటి తోక పట్టుకుంది. వల కొరుకుతున్నాయి, గేటు ఊగుతోంది. బార్లీ ఒక్క తన్ను తన్నితే చాలు, కుక్క చస్తుంది. ఒక్క అడుగు జరిగితే చాలు, గేటు తెరుచుకుంటుంది, ముప్ఫై మూడూ చస్తాయి. రైలు వంపు తిరిగింది.

బార్లీ వెనక కాలు ఎత్తింది.

పైప్రాణాలు పైనే పోయాయి నాకు. "వద్దమ్మా, వద్దమ్మా" అని గొణుక్కుంటున్నాను. ఆ కాలు గాల్లో అలాగే ఆగింది. గేటుకి అవతల పది అడుగుల దూరంలో రైలు, గేటూ గోడా అదిరిపోయేలా, ఇనుమూ పొగా కూతా అన్నీ కలిసి వెళ్ళిపోతోంది. దాని చెవులు తలకి అంటుకుపోయాయి, ఒళ్ళంతా వణుకుతోంది. కాలు మాత్రం గాల్లోనే ఉంది. కింద కుక్కలు తొక్కిసలాడుకుంటున్నాయి. చివరి పెట్టె వెళ్ళిపోయాక, బార్లీ డెక్కతో కింద మెల్లగా తడిమింది. ఒక కుక్క వీపు తగిలింది. పక్కకి జరిపింది. మళ్ళీ తడిమింది. ఖాళీ నేల దొరికింది. దింపింది.

నేను ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేంటి?

కోల్మన్ ఒగరుస్తూ వచ్చి కుక్కల మధ్య మోకాళ్ళ మీద కూలబడి లెక్కపెట్టాడు. జతల్లో లెక్కపెడతాం మేము. పదహారు జతలు, ఒకటి మిగులు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఒక్కటీ తగ్గలేదు. మిగతా రౌతులు కూడా ఒక్కొక్కరే వచ్చి చుట్టూ ఆగారు. కోల్మన్ లేచి డింఫ్నా వైపు చూశాడు. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"మీకు నేను చాలా రుణపడ్డాను. కానీ ఆగస్టులో మీ గుర్రం నా కుక్కని తన్నింది. ఇవాళ నన్నే దాటేసింది. రెండూ వేటలో లేని పనులు. అందరి ముందూ ఒక మాటన్నాను. ఈ గుర్రాన్ని ఏం చెయ్యమంటారు, మీరే చెప్పండి."

"మీరన్నది నిజమే మాస్టర్," అంది డింఫ్నా. "తీసుకుపోతాను."

అంతే, నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆగస్టుది దాని తప్పు కాదు. నాది. నేను కబుర్లు చెబుతూ పగ్గం వదిలేశాను. బిషప్ పక్కనుంచి గుద్దాడు. అందుకే తన్నింది. అప్పుడే చెప్పాల్సింది. భయమేసి చెప్పలేదు."

నలభైమంది నా వైపు చూశారు. వాళ్ళల్లో సగంమంది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. చెవులు కాలిపోతున్నాయి.

"మూడు నెలలు, మాలకీ," అన్నాడు కోల్మన్.

"అవును."

"సిగ్గులేదూ?"

"ఉంది. అందుకే మూడు నెలలు పట్టింది."

ఎవరో కిసుక్కుమన్నారు. కోల్మన్ నవ్వలేదు. "దిగు," అన్నాడు. "నా గుర్రం కుంటుతోంది. నీది ఇవ్వు. ఇవాళ నువ్వు నడిచిపో." మాస్టర్ గుర్రం పడిపోతే ఎవరో ఒకరు తమది ఇవ్వాల్సిందే, అదీ మర్యాదే. దిగాను. బిషప్ నా వైపు తిరిగి కూడా చూడలేదు. కోల్మన్ ఎక్కి, రికాబులు సర్దుకుని, డింఫ్నాతో అన్నాడు, "దాన్ని వచ్చే శనివారం తీసుకురండి. వెనక కాదు, నా పక్కన. అక్కడైతే దాటినా నా కంటి ముందే ఉంటుంది."

చుట్టూ ఉన్నవాళ్ళు టోపీలు తీసి ఊపారు. మాస్టర్ పక్కన చోటంటే ఎవరైనా ఏం చేస్తారు? ఎగిరి గంతేస్తారు. డింఫ్నా తల అడ్డంగా ఊపింది.

"శనివారం రాదు మాస్టర్. ఇవాళ్టిది దాని వయసుకి చాలా ఎక్కువైపోయింది. పది రోజులు గడ్డిలో వదిలేస్తా. ఆ తర్వాత మళ్ళీ గంటే."

"మీ ఇష్టం," అన్నాడు కోల్మన్, ఈసారి నవ్వి. కుక్కల్ని పిలుచుకుని కదిలాడు. బిషప్ పెళ్ళికొడుకులా తోక ఎత్తుకుని వెళ్ళిపోయాడు. వాడు ఆ రోజు చీకటి పడేదాకా వేటాడాడనీ, ఆఖరుదాకా నిలిచిన అయిదు గుర్రాల్లో వాడొకడనీ, నక్క కొండ మీది రాళ్ళల్లోకి దూరి తప్పించుకుందనీ నాకు తర్వాత తెలిసింది.

మేము రోడ్డు మీదికి వచ్చాక డింఫ్నా గుర్రం దిగింది. దిగగానే గోడ పక్కన కూర్చుండిపోయింది. బార్లీ మెడ వంచి ఆమె జుట్టు వాసన చూసింది.

"కాలు ఎత్తినప్పుడు కళ్ళు మూసేసుకున్నా," అంది. "నేను చూళ్ళేదు మాలకీ. ఏం చేసింది?"

చెప్పాను. గాల్లో ఎంతసేపు ఉంచిందో, ఎలా తడిమిందో, ఎలా దింపిందో అంతా చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఏడుస్తూ నవ్వింది. తర్వాత చేతిరుమాలుతో మొహం తుడుచుకుని లేచింది. ఇంటికి ఆరు మైళ్ళు. సగం దారిలో నాకిక ఆగలేదు.

"ఆగస్టు సంగతి. నిన్ను మోసం చేశాను. క్షమించు."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"బిషప్ పొట్ట నా మోకాలికి తగిలింది. అంత పొట్ట ఈ జిల్లాలో ఇంకే గుర్రానికి ఉందిరా?"

నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. "మరి ఆ రోజు మాస్టర్‌తో చెప్పలేదేం? నాతోనన్నా అనలేదేం?"

"అంటే నువ్వు సిగ్గుతో రావడం మానేసేవాడివి. చలికాలమంతా పక్కన తోడు లేకపోతే పిల్లగుర్రం ఎలా నేర్చుకుంటుంది?"

"గుర్రం కోసమేనా?"

డింఫ్నా నా వైపు చూడలేదు. బార్లీ మెడ మీది బురద గోటితో గీకుతూ, "నోరు మూసుకుని నడు, మాలకీ," అంది. ఆమె చెవులు ఎర్రబడడం నేను బళ్ళో ఉన్నప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను. గుర్రపు బూట్లతో ఆరు మైళ్ళు నడిచి మడమలు రెండూ పుండ్లు పడ్డాయి నాకు, అయినా ఆ దారి ఇంకో ఆరు మైళ్ళు ఉంటే బాగుండుననిపించింది.